కదిలేవాళ్ల ఫోటోలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఎంతసేపు ఉంటుంది?

మా మేనకోడలి స్కూల్లో స్పోర్ట్స్ డే. వంద మీటర్ల పరుగు. ఫినిషింగ్ లైన్ వెనకాల మోకాళ్ల మీద కూర్చుని, ఒక స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న 70-200 మి.మీ. జూమ్ లెన్స్‌ని 200 దగ్గర పెట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్ 2.8, షటర్ స్పీడ్ (షటర్ తెరిచి ఉండే సమయం) సెకనులో వెయ్యో వంతు, పిల్ల నా వైపే దూసుకొస్తుంటే తీశాను. కెమెరా వెనక స్క్రీన్ మీద ఫోటో బ్రహ్మాండంగా కనిపించింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే మొహం మసక, జడ రిబ్బను మసక. ఛాతీ మీద నంబరు కాగితానికి పెట్టిన పిన్నీసు ఎండకు మెరిసింది కదా, ఆ మెరుపు పావలా బిళ్లంత గుండ్రంగా, మెత్తగా పరుచుకుపోయింది. కానీ తన వెనకాల ఓ రెండున్నర మీటర్ల దూరంలో, నేల మీద ఒక సన్నటి పట్టీలో మాత్రం గడ్డిపరకలు విడివిడిగా, ట్రాక్ కోసం గీసిన సున్నం గీత మీద గరుకు కూడా తెలిసేంత స్పష్టంగా ఉన్నాయి.

అడిగిన ప్రతివాళ్లూ ఒకటే చెప్పారు, షటర్ స్పీడ్ సరిపోలేదు, పెంచు అని. తర్వాత రెండు వేలో వంతుకు పెంచి తీశాను, అదే మసక. మూడు వేలో వంతు పెట్టినా అదే వచ్చేది, ఎందుకంటే అక్కడ జబ్బు వేరు, వేసుకున్న మందు వేరు.

ఈ రెండు మసకల్ని ముందు విడదీయాలి. ఫోటోలో ఎక్కడైనా ఒక మెరిసే చుక్క కోసం వెతకండి: చొక్కా గుండీ, చెవి పోగు, చెమట బొట్టు, పిన్నీసు, ఏదైనా సరే. ఆ చుక్క ఒక వైపుకు సాగి గీతలా అయితే అది కదలిక వల్ల వచ్చిన మసక, దానికి మందు షటర్ స్పీడ్. ఆ చుక్క ఎటూ సాగకుండా గుండ్రంగా ఉబ్బితే అది ఫోకస్ తప్పిన మసక, దానికి షటర్ స్పీడ్ ఎంత పెంచినా లాభం లేదు. ఇంకో సాక్ష్యం నేల. గడ్డి, మట్టి, ఇసుక, కోర్టు గచ్చు, ఫ్రేములో నేల కనిపిస్తుంటే చాలు, అందులో ఎక్కడో ఒక పట్టీ పదునుగా ఉంటుంది, కెమెరా ఫోకస్ నిజంగా ఎక్కడ పడిందో అది చూపిస్తుంది. నా ఫోటోలో అది రెండున్నర మీటర్లు వెనక ఉంది. పదేళ్ల పిల్ల సెకనుకు 5 మీటర్లు పరిగెడుతుంది అనుకుంటే అది సరిగ్గా అర సెకను ప్రయాణం. అంటే నేను బటన్ సగం నొక్కి ఫోకస్ పట్టి, ఫ్రేము నిండా రానీ అని అర సెకను ఆగి, అప్పుడు క్లిక్‌మనిపించాను. ఫోకస్ 12.5 మీటర్ల దగ్గరే ఉండిపోయింది, పిల్ల 10 మీటర్ల దగ్గరికి వచ్చేసింది.

మరి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అనేది కాపాడాలి కదా? ఎంత ఉంది అక్కడ?

లెన్స్ నిజానికి ఒకే ఒక్క దూరాన్ని కచ్చితంగా ఫోకస్ చేస్తుంది. దానికి కాస్త ముందూ కాస్త వెనకా ఉన్నవి కూడా కొంచెం ఉబ్బుతాయి, కానీ ఆ ఉబ్బు మన కంటికి ఆననంత చిన్నదైతే మనం వాటిని కూడా షార్ప్‌గానే ఉన్నాయి అనుకుంటాం. అలా అనుకోగలిగిన మేరకే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అని పేరు. ఆ "ఆననంత చిన్నది" ఎంత అంటే, ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ (పాత ఫిల్ము ఫ్రేము సైజుది) మీద 0.03 మిల్లీమీటర్లు అని ఒక లెక్క వాడుకలో ఉంది. ఓ మోస్తరు సైజు ప్రింటు వేసి, పుస్తకం పట్టుకునే దూరంలో పట్టుకుని చూస్తే కంటికి సరిపోయే లెక్క అది. ఇవాళ మనం 24 మెగాపిక్సెల్ ఫోటోని కంప్యూటర్లో వంద శాతం పెద్దది చేసి చూస్తున్నాం, అక్కడ ఒక్కో పిక్సెల్ సుమారు 0.006 మిల్లీమీటర్లే. అంటే పాత లెక్క చెప్పే డెప్త్‌లో మూడో వంతో, ఇంకా తక్కువో మాత్రమే ఆ చూపుకు నిలుస్తుంది. కెమెరా స్క్రీన్ మీద, వాట్సాప్‌లో బాగున్న ఫోటో ఇంట్లో మసకగా కనబడటానికి కారణం ఇదే. కింద నేను చెప్పే అంకెలన్నీ ఆ పాత లెక్క ప్రకారమే, కాబట్టి వాటిని గరిష్ఠంగా తీసుకోండి.

200 మి.మీ., ఎఫ్ 2.8, ఫుల్ ఫ్రేమ్. 10 మీటర్ల దూరంలో డెప్త్ మొత్తం 42 సెంటీమీటర్లు. ఆగి ఉన్న మనిషికి 42 సెంటీమీటర్లు ధారాళంగా సరిపోతుంది, ముక్కు నుంచి చెవి దాకా వచ్చి ఇంకా మిగులుతుంది. పరిగెత్తే మనిషి దగ్గర మాత్రం ఈ అంకె మోసం చేస్తుంది. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది: కదిలేవాటి విషయంలో డెప్త్‌ని సెంటీమీటర్లలో చూస్తే ఏమీ తెలియదు, వేగంతో భాగించి సెకన్లలో చూడాలి. 42 సెంటీమీటర్లను సెకనుకు 5 మీటర్ల వేగంతో భాగిస్తే 0.084 సెకను. మా పిల్ల ఆ పట్టీలోకి అడుగుపెట్టి బయటికి వెళ్లిపోవడానికి పట్టే సమయం అంతే. పైగా అందులో మన చేతికి దక్కేది సగమే, ఎందుకంటే ఫోకస్ పట్టీ మధ్యలో ఉంటుంది, అక్కడి నుంచి ముందు అంచు దాటడానికి 0.042 సెకను చాలు.

(డెప్త్‌లో మూడో వంతు ముందు, రెండు వంతులు వెనక అని చాలామంది నేర్పుతారు. అది ఏదో ఒక్క ప్రత్యేకమైన దూరంలో మాత్రమే నిజం. టెలిఫోటో లెన్స్‌తో పది ఇరవై మీటర్లలో తీసేటప్పుడు ముందూ వెనకా దాదాపు సమానమే.)

ఇక దూరం సంగతి. దూరం రెట్టింపైతే డెప్త్ నాలుగింతలు అవుతుంది, సగమైతే నాలుగో వంతుకు పడిపోతుంది. అదే లెన్స్, అదే అపర్చర్‌తో 20 మీటర్ల దగ్గర డెప్త్ 1.68 మీటర్లు, మా పిల్ల వేగానికి అది 0.34 సెకను. రెప్పపాటు అంటాం చూడండి, సుమారు అంత. 10 మీటర్లకు వచ్చేసరికి అందులో నాలుగో వంతు. 5 మీటర్లకు వచ్చేసరికి డెప్త్ పది సెంటీమీటర్లు పైచిలుకు, సమయం 0.02 సెకను, రెప్పపాటులో పదహారో వంతు. ఇది చాలదన్నట్టు, మనిషి దగ్గరికి వచ్చేకొద్దీ లెన్స్ లోపలి గాజులు కూడా ఎక్కువెక్కువ జరగాలి: 20 నుంచి 15 మీటర్లకు ఫోకస్ మార్చడానికి లెన్స్ చేయాల్సిన పనికీ, 10 నుంచి 5 మీటర్లకు మార్చడానికి చేయాల్సిన పనికీ సుమారు ఆరు రెట్లు తేడా. ఒక పక్క పట్టీ సన్నబడుతుంది, ఇంకో పక్క మోటారుకు పని పెరుగుతుంది. బర్స్ట్‌లో, అంటే బటన్ వదలకుండా వరసగా, తీసిన ఇరవై ఫోటోల్లో మొదటి పదీ బాగుండి, మొహం ఫ్రేము నిండా వచ్చిన చివరి అయిదారు, అంటే మనకు అన్నిటికంటే కావాల్సినవి, పాడవడానికి కారణం ఇదే. కెమెరాని తిట్టుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు మనిషి నా వైపు కాకుండా, నా ముందు నుంచి అడ్డంగా, ఎడమ నుంచి కుడికి పరిగెడుతున్నాడనుకోండి. దూరం పెద్దగా మారదు, కాబట్టి డెప్త్ దాదాపు ఖర్చు కాదు, ఎఫ్ 2.8 అయినా భయం లేదు. కానీ సెన్సార్ మీద బొమ్మ మహా వేగంగా జరుగుతుంది. పైన చెప్పిన 200 మి.మీ., 10 మీటర్ల లెక్కలోనే, కెమెరా కదపకుండా పట్టుకుంటే బొమ్మ సెకనుకు 100 మిల్లీమీటర్లు జరుగుతుంది. అందులో 0.03 మిల్లీమీటర్ల కంటే సాగకూడదు అంటే షటర్ సెకనులో మూడు వేలో వంతు దాటాలి. అందుకే మనిషితో పాటు కెమెరాని తిప్పుతూ తీస్తారు, అప్పుడు వెయ్యో వంతుతోనే పని జరుగుతుంది. ఎదురుగా వచ్చేవాడి విషయంలో ఇది తిరగబడుతుంది: సెన్సార్ మీద బొమ్మ పెద్దదవుతుంది తప్ప పక్కకు జరగదు, ఊగే చేతులూ కాళ్ల కోసం అయిదు వందో వంతు ఉంటే చాలావరకు సరిపోతుంది, కానీ డెప్త్ మంచినీళ్లలా ఖర్చవుతుంది. అడ్డంగా వెళ్లేవాడు షటర్‌ని తింటాడు, ఎదురొచ్చేవాడు డెప్త్‌ని తింటాడు. ఏటవాలుగా వచ్చేవాడు రెండిటినీ కొంచెం కొంచెం తింటాడు, అయినా నా వరకు నాకు ఆ కోణమే ఇష్టం, మొహమూ కనిపిస్తుంది, ఫోకస్‌కు ఊపిరీ దొరుకుతుంది.

1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పరిగెత్తే గుర్రాన్ని ఫోటో తీశాడు. నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా లేదా అన్నది తేల్చడానికి, 12 కెమెరాలు వరసగా పేర్చి, వాటి ముందు నుంచి గుర్రాన్ని అడ్డంగా పరిగెత్తించాడు. కాళ్లు కనపడాలంటే పక్క నుంచే తీయాలి, నిజమే, కానీ దానితో పాటు ఇంకో మేలు కూడా దక్కింది: గుర్రం ప్రతి కెమెరాకూ ఒకే దూరంలో ఉంది. ఫోకస్ ముందే పెట్టేసి ఉంచుకోవచ్చు, మోటార్లూ కంప్యూటర్లూ లేని కాలంలో కష్టమంతా షటర్ మీద పెట్టగలిగారు. ఎదురుగా వచ్చే గుర్రాన్ని అలా 12 పదునైన ఫోటోలు తీయమంటే ఆ రోజుల్లో ఎంత కష్టమయ్యేదో ఆలోచించండి.

పక్షుల దగ్గర ఈ లెక్కకు ఇంకో మెలిక ఉంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులు గూళ్లకు తిరిగొస్తుంటే చూడండి. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు రెండున్నర మీటర్లు, ముక్కు నుంచి తోక దాకా మీటరున్నర లోపు. పక్షి మనకు ఎదురుగా వస్తున్నప్పుడు ఆ రెండున్నర మీటర్ల రెక్కలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి, రెండూ మనకు ఒకే దూరంలో ఉంటాయి, డెప్త్ కావలసింది ముక్కు నుంచి తోకకే. అదే పక్షి పక్క నుంచి పోతుంటే ఒక రెక్క కొస మన వైపు, రెండోది అవతలి వైపు, ఇప్పుడు రెండున్నర మీటర్ల లోతు కావాలి. అంటే పక్షి దూరం మారకపోయినా దాని ఒళ్లే లోతుగా మారిపోయింది. క్రాప్ సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది, అందుకే 0.03 బదులు 0.02 లెక్క) కెమెరా, 400 మి.మీ. లెన్స్, ఎఫ్ 5.6, దూరం 40 మీటర్లు అనుకుంటే డెప్త్ 2.24 మీటర్లు వస్తుంది, రెండు రెక్కల కొసలకూ బొటాబొటిగా చాలదు. ఎఫ్ 8 పెడితే 3.2 మీటర్లు, సరిపోతుంది. అదే 20 మీటర్ల దగ్గరికి వస్తే ఎఫ్ 5.6లో 56 సెంటీమీటర్లే, ఇక రెక్కల కొసల మీద ఆశ వదులుకుని కన్ను దక్కితే చాలు అనుకోవాలి. రెక్కలు పూర్తిగా పైకెత్తిన క్షణంలో తీస్తే రెండు రెక్కలూ కాస్త దగ్గరకొస్తాయి, లోతు తగ్గుతుంది, అపర్చర్ జోలికి పోకుండానే పని జరిగిపోతుంది. ఇంకో మాట, మిట్టమధ్యాహ్నం దూరంగా ఉన్న పక్షి నీళ్ల మీద తరంగాల్లా ఊగుతూ మెత్తగా వస్తే అది ఫోకస్ తప్పూ కాదు, డెప్త్ తప్పూ కాదు, వేడి గాలి. పొద్దున్నే వెళ్లడం తప్ప దానికి వేరే మార్గం లేదు.

ఆటోఫోకస్ సంగతికి వద్దాం. నా మొదటి తప్పు అక్కడే ఉంది. కెమెరా వన్ షాట్ మోడ్‌లో ఉంది, అంటే సగం నొక్కగానే ఫోకస్ పట్టి అక్కడే తాళం వేసుకుంటుంది. కదిలేవాటికి రెండో మోడ్ ఉంది, కానన్‌లో సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ. ఇందులో కెమెరా పదే పదే దూరం కొలిచి, మనిషి వేగం అంచనా కట్టి, షటర్ తెరుచుకునే క్షణానికి అతను ఎక్కడ ఉంటాడో అక్కడికి ఫోకస్‌ను ముందే తీసుకెళ్తుంది. అలా ఎందుకు చేయాలి అంటే, బటన్ నొక్కినప్పటి నుంచి షటర్ తెరుచుకునేదాకా పట్టే ఆ కాస్త ఆలస్యం, 0.05 సెకను అనుకోండి, సెకనుకు 10 మీటర్లు పోయే వాడికి అర మీటరు. పైన చూసిన డెప్త్ మొత్తం కంటే ఎక్కువ. అంచనా కట్టాలంటే కెమెరాకు కొన్ని కొలతలు కావాలి, అందుకే మనిషి అనుకున్న చోటికి వచ్చాక నొక్కడం మొదలుపెట్టకుండా, ఒక సెకను ముందు నుంచే సగం నొక్కి వెంటాడాలి. ఆ పని చేయకపోతే బర్స్ట్‌లో మొదటి ఒకటి రెండు ఫోటోలు మసకగా రావడం ఖాయం. చాలా కెమెరాల్లో ఈ మోడ్‌లో ఇంకో సెట్టింగ్ ఉంటుంది, ఫోకస్ కుదిరినా కుదరకపోయినా నొక్కగానే ఫోటో తీసేయాలా, కుదిరాకే తీయాలా అని. మీ కెమెరాలో ఏది ఉందో ఒకసారి చూసుకోండి.

డెప్త్ పెంచాలంటే అపర్చర్ మూయాలి, ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 5.6కు వెళ్తే డెప్త్ రెట్టింపు, 10 మీటర్ల దగ్గర 42 కాస్తా 84 సెంటీమీటర్లు. దానికి కట్టే మూల్యం వెలుతురు, నాలుగో వంతుకు పడిపోతుంది. షటర్ వెయ్యో వంతు నుంచి 250వ వంతుకు దిగాలి, లేదా ఐఎస్ఓ (ఉన్న వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800 నుంచి 3200కు ఎక్కాలి. నేనైతే ప్రతిసారీ ఐఎస్ఓనే పెంచుతాను. దానివల్ల గరుకు వచ్చిన ఫోటోని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నునుపు చేసుకోవచ్చు, ఫోకస్ తప్పిన కన్నుని మాత్రం తిరిగి తేలేం. ఇంకో దారి కూడా ఉంది, దాన్ని ఎందుకో చాలామంది చిన్నచూపు చూస్తారు: వెనక్కి జరగడం. 10 మీటర్ల బదులు 20 మీటర్ల నుంచి అదే లెన్స్, అదే అపర్చర్‌తో తీసి, తర్వాత మనిషి అంతే పెద్దగా కనిపించేలా కత్తిరించండి. డెప్త్ నాలుగింతలు పెరుగుతుంది, కత్తిరించి పెద్దది చేసినందుకు అందులో సగం పోతుంది, అయినా రెండింతలు మిగులుతుంది. అంటే ఎఫ్ 5.6 పెట్టినంత లాభం. పోయేది పిక్సెల్స్, నాలుగో వంతే మిగులుతాయి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో మిగిలే 6 మెగాపిక్సెల్స్ ఇంట్లో గోడకు పెట్టుకునే ఫోటోకు చాలు.

ఆటోఫోకస్‌ని పూర్తిగా పక్కన పెట్టేయాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పోతరాజు వస్తుంటాడు, ఒళ్లంతా పసుపు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా, డప్పుల మోతకు అడుగు ఎటు పడుతుందో చెప్పలేం. మధ్యలో జనం చేతులు, ఫోన్లు, బోనాలు. కెమెరా ఎవరి చెయ్యి అడ్డమొస్తే దాని మీద ఫోకస్ పట్టేస్తుంది. అక్కడ 35 మి.మీ. లెన్స్ పెట్టి, ఎఫ్ 8కు మూసి, చేత్తో ఫోకస్‌ను 3 మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే, ఫుల్ ఫ్రేమ్‌లో సుమారు 1.9 మీటర్ల నుంచి 7.3 మీటర్ల దాకా అంతా పదును. అయిదు మీటర్ల పైచిలుకు లోతు! అతను గిరగిరా తిరిగినా, మీదికి దూకినా ఆ పట్టీ దాటడానికి సెకనుకు పైనే పడుతుంది. మబ్బు పట్టిన ఆషాఢం పగలు ఐఎస్ఓ 800 పెడితే అయిదు వందో వంతు దొరుకుతుంది. కొరడా కొస మాత్రం ఎప్పుడూ గీతలాగే వస్తుంది, రానివ్వండి, దానికి ఆ గీతే అందం. ఈ పద్ధతిలో నేర్చుకోవలసింది ఒకటే, 3 మీటర్లంటే ఎంతో కళ్లతో కొలవడం. ఇంట్లో టేపు పెట్టి గుమ్మం నుంచి ఎక్కడికి వస్తుందో చూసుకోండి, రెండు రోజుల్లో కంటికి పట్టుబడుతుంది.

ఫోన్లతో తీసేవాళ్లకు ఈ బాధ చాలావరకు లేదు. ఫోన్ మెయిన్ కెమెరా అసలు ఫోకల్ లెంగ్త్ (లెన్స్‌కు మి.మీ.లో చెప్పే ఆ అంకె) 6, 7 మిల్లీమీటర్లే, 3 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే మీటరున్నర నుంచి కనుచూపు మేర దాకా అంతా డెప్త్‌లోనే ఉంటుంది. ఫోన్లో పరిగెత్తే పిల్లలు మసకగా వస్తే అది దాదాపు ఎప్పుడూ వెలుతురు తక్కువై షటర్ నెమ్మదించినందువల్లే. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక కనిపించే మసక చాలావరకు సాఫ్ట్‌వేర్ గీసింది, అందుకే ఎగిరే జడ దగ్గర అది తడబడి సగం జడని వెనక చెట్లలో కలిపేస్తుంది.

ఈ ఏడు స్పోర్ట్స్ డేకి మళ్లీ వెళ్లాను. అదే లెన్స్, ఈసారి ఫినిషింగ్ లైన్ దగ్గర కాకుండా లైన్ నుంచి 20 మీటర్లు వెనక్కి, కాస్త పక్కకు. ఎఫ్ 4, వెయ్యో వంతు, సర్వో మోడ్, పిల్ల లైన్‌కు ఇంకా పది మీటర్ల దూరంలో ఉండగానే వెంటాడటం మొదలుపెట్టాను. 20 మీటర్ల దగ్గర డెప్త్ 2.4 మీటర్లు, దాని వేగానికి అర సెకను. మూడో స్థానంలో వచ్చింది. లైన్ దాటిన క్షణం ఫోటో కత్తిరించి పెద్దది చేసి చూశాను, పళ్లు బిగించి, కళ్లు చికిలించి ఉంది, నంబరు కాగితానికి పెట్టిన పిన్నీసు పిన్నీసులాగే ఉంది.